మంగళవారం పేదరికం ఓపీ

మా మెడికల్ కాలేజీలో పేదరికాన్ని రోగాల జాబితాలో చేర్చిన సంగతి బయట చాలామందికి తెలియదు. తెలిసుంటే జనం ఇంత నిర్భయంగా బజార్లో తిరిగేవాళ్లు కారు.

దానికి కారణం ఒక కారు. పోయినేడాది పూర్వ విద్యార్థుల సహాయ నిధి నుంచి ఫీజు సాయం పొందిన నిరుపేద విద్యార్థి ఒకడు, చెక్కు తీసుకోవడానికి సొంత కారులో వచ్చాడు. వచ్చినవాడు ఏ చెట్టు కిందో పెట్టుకున్నా గొడవుండేది కాదు. ప్రిన్సిపాల్ పరాంకుశం గారి కారు వెనకే అడ్డంగా పెట్టేసి క్యాంటీన్‌కి పోయాడు. ఆయన గంటసేపు ఇంటికి వెళ్లలేక ఎండలో నిలబడ్డారు. ఆ గంటలోనే ఆయనకి తహసీల్దారు ఆఫీసు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రాల మీద నమ్మకం పోయింది.

మర్నాడే అధ్యాపకుల్ని సమావేశపరిచారు. "మనం డాక్టర్లం. ఒక రోగి వచ్చి నాకు క్షయ ఉందంటే మందులిచ్చి పంపేస్తామా? కఫం పరీక్ష చేస్తాం, ఎక్స్‌రే తీస్తాం. మరి ఒక విద్యార్థి వచ్చి నేను పేదవాణ్ణంటే, రెవెన్యూ వాళ్లు వేసిన ముద్ర చూసి డబ్బెలా ఇచ్చేస్తున్నాం? పేదరికాన్ని శాస్త్రీయంగా నిర్ధారించే సామర్థ్యం మనకు లేదా?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అలా మా కాలేజీలో 'ఆధారసహిత పేదరిక నిర్ధారణ, చికిత్స మరియు పునరావాస విభాగం' పుట్టింది. బోర్డు పొడుగు ఎక్కువైపోయి, చివర్లో ఉన్న 'పునరావాస విభాగం' అన్న ముక్క పక్కనున్న మరుగుదొడ్డి తలుపు మీదకి వెళ్లింది. ప్రతి మంగళవారం ఓపీ. చీటీ రాయించుకుని లైన్లో నిలబడాలి.

నా పేరు దుంపల రోహిణి. రెండో సంవత్సరం ఎంబీబీఎస్. మాది పలాస దగ్గర ఊరు. నాన్న పోయాడు. మా అమ్మ కాంతమ్మ జీడిపప్పు బట్టీలో పిక్కలు కొడుతుంది. ఆ ఏడు ఫీజు కట్టడానికి గడువు నెలాఖరు. కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ లేకపోతే ఏడాది పోతుంది, నా బ్యాచ్ నన్నొదిలేసి ముందుకు పోతుంది. సర్కారు ఉపకార వేతనం మంజూరైందని ఫోనుకి మెసేజ్ వచ్చింది. మెసేజ్ మాత్రమే వచ్చింది.

"మంగళవారం ఓపీకి పోవే. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లాలట" అంది నా రూమ్మేట్ షాహీనా.

"ఎందుకు?"

"ఖాళీ కడుపుతో చూస్తారట. నీకు కొత్తేం కాదుగా."

ఓపీలో పీజీ డాక్టర్ తరుణ్ కూర్చున్నాడు. చుట్టూ నేర్చుకోవడానికి వచ్చిన జూనియర్లు, చేతుల్లో నోటు పుస్తకాలు. వాళ్లలో ఇద్దరు ముందురోజే నా దగ్గర పాత ప్రశ్నపత్రాలు తీసుకెళ్లినవాళ్లు. ఇప్పుడు నన్ను ఎన్నడూ చూడనట్టు 'కేసు' వంక చూస్తున్నారు.

"ప్రధానమైన బాధేంటి?" అన్నాడు తరుణ్.

"ఫీజు కట్టడానికి డబ్బుల్లేవు సార్."

"ఎన్నాళ్లుగా?"

"పుట్టినప్పటి నుంచీ."

రాసుకున్నాడు. "హఠాత్తుగా మొదలైందా, మెల్లమెల్లగా ముదిరిందా?"

"నాకు ఊహ తెలిసేసరికే ముదిరి ఉంది సార్."

"ఎప్పుడూ ఒకేలా ఉంటుందా, వచ్చిపోతూ ఉంటుందా?"

"నెలాఖర్లో ఎక్కువ. అమ్మకి కూలి డబ్బులిచ్చిన సాయంత్రం కాస్త నెమ్మదిస్తుంది."

"పక్కకి ఎక్కడికైనా పాకుతోందా?"

"మా అన్నయ్యకి పాకింది సార్. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది."

"ఏం చేస్తే తగ్గుతుంది?"

"డబ్బు ఇస్తే తగ్గుతుంది సార్."

పెన్ను ఆగిపోయింది. జూనియర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "రోగి తన చికిత్స తానే సూచించకూడదు. సెకండియర్‌లో ఉన్నావు, ఆ మాత్రం తెలీదూ?" అన్నాడు తరుణ్. చెప్పొద్దూ, నాకు నిజంగానే సిగ్గేసింది. ఆ ముందు వారమే వార్డులో ఒక ముసలాయన "నాకు గ్లూకోజు ఎక్కించండి" అంటే నేను సరిగ్గా ఇదే మాట అన్నాను.

తర్వాత పర్సు బల్ల మీద పెట్టమన్నాడు. ఛాతీ మీద తట్టినట్టు దాని మీద వేలు ఆనించి, ఇంకో వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. జూనియర్ల చేత కూడా తలా ఒకసారి తట్టించాడు. "బోలుగా ఉంది. గాలి అయ్యుండొచ్చు" అని కేస్ షీట్‌లో రాశాడు.

అప్పుడే పరాంకుశం గారు వచ్చారు. వెనకాల ఇంకొంతమంది. షీట్ చదివి గొంతు సవరించుకున్నారు. "గుర్తుంచుకోండి. పేదరికం అనేది మినహాయింపు పద్ధతిలో నిర్ధారించాల్సిన వ్యాధి. ఈ లక్షణాలకు తక్కిన కారణాలేవీ లేవని సమస్త విభాగాలూ లిఖితపూర్వకంగా తెలియజేసిన పిమ్మట మాత్రమే దీన్ని పేదరికంగా పరిగణించగలం."

ఆ పిమ్మట నేను సమస్త విభాగాలూ తిరిగాను. కళ్ల విభాగం వాళ్లు దారం కట్టిన నా కళ్లజోడు చూసి, ఇది దృష్టిలోపం, మాది అన్నారు. ఎముకల విభాగం వాళ్లు పిన్నీసు పెట్టిన చెప్పుతో నన్ను అటూ ఇటూ నడిపించి, ఇది నడకలో దోషం, మాది అన్నారు. మెడిసిన్ వాళ్లు రక్తం తీసి, ఒంట్లో రక్తం లేదు, ఇది మాది అన్నారు. మానసిక విభాగం డాక్టరమ్మ చాలా మంచావిడ. నా చెయ్యి పట్టుకుని, "ఎప్పుడూ ఏదో కట్టాలి, గడువు దాటిపోతోంది అనిపిస్తుంటుందా?" అని అడిగింది. అవునన్నాను. "ఇది ఆందోళన రుగ్మత. గడువులు లేవని ఊహించుకుంటూ గట్టిగా ఊపిరి పీల్చు" అంది.

ఇలా ఎవరి ముక్క వాళ్లు తీసేసుకున్నాక షీట్‌లో చివరికి మిగిలింది పర్సొక్కటే. అందులో ఉన్నది గాలి.

"కుటుంబ చరిత్ర కావాలి. తల్లిని పిలిపించండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అమ్మ పాసింజరు బండిలో వచ్చింది. పక్కింటి వాళ్ల పట్టుచీర అడిగి కట్టుకొచ్చింది, మెడలో గిల్టు గొలుసు వేసుకుంది. అంత పెద్ద డాక్టర్ల ముందుకి మాసిన చీరతో వస్తే కూతురికి నామోషీ అనుకుంది. పట్టుచీర చూడగానే తరుణ్ మొహం మారిపోయింది. షీట్‌లో 'బాహ్య లక్షణాలు లేవు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

అప్పుడు అమ్మ దండం పెట్టింది. ఆ చేతులు చూసి గదంతా ముందుకొచ్చింది.

జీడిపిక్కలు కొట్టేవాళ్ల చేతులు మీరు చూశారో లేదో. పిక్కలోంచి వచ్చే రసం చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకున్నా ఆగదు. వేళ్లు నల్లబడి, తోలు లేచి, గోళ్ల దగ్గర పగిలిపోతాయి. మా ఊళ్లో సగంమంది ఆడవాళ్ల చేతులు అంతే. నేను చిన్నప్పుడు అమ్మల చేతులంటే అలాగే ఉంటాయనుకునేదాన్ని.

చర్మవ్యాధుల ప్రొఫెసర్ గారిని పరుగున పిలుచుకొచ్చారు. ఆయన కళ్లు మెరిశాయి. "అద్భుతం! పుస్తకంలో బొమ్మ చూసినట్టే ఉంది. అందరూ దగ్గరికి రండి. ఇది పేదరికం కాదు, స్పర్శ వల్ల వచ్చిన చర్మశోథ. పెద్దమ్మా, చేతులు తిప్పు. ఇటు. వెలుతురులోకి." ఫోన్లు బయటికొచ్చాయి. అమ్మ చేతులు తిప్పుతూ నిలబడింది.

"ఏం పని చేస్తావమ్మా?" అన్నారు పరాంకుశం గారు.

"జీడిపిక్కలు కొడతాను బాబూ."

"మీ అమ్మ?"

"మాయమ్మా అదే. మా అత్తా అదే. మాకాడ ఆడోలందరం అదే పని గదా బాబూ."

ప్రిన్సిపాల్ గారు జూనియర్ల వైపు తిరిగి, ఒక నిధి దొరికినట్టు చెయ్యి చాపారు. "చూశారా? మూడు తరాలు. తల్లి వైపు నుంచీ, తండ్రి వైపు నుంచీ కూడా. ఇది స్పష్టంగా వంశపారంపర్యం. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించింది."

అమ్మ నా వైపు చూసింది. బయటికి వచ్చాక వరండాలో ఆగి, చేతులు చీర చెంగులో దాచుకుని, మెల్లగా అడిగింది. "ఏటమ్మా, నీకీ జబ్బు నా కాణ్ణుంచే వొచ్చిందంట గదా? ముందే తెలిస్తే దూరంగుందును."

అంతదాకా నాకు ఇదంతా నవ్వులాటగానే ఉంది. ఆ మాటతో ఒళ్లు మండిపోయింది. ఆ క్షణంలో పరాంకుశం గారు ఎదురైతే ఏమనేదాన్నో తెలియదు. ఆయన ఎదురుకాలేదు, ఆయన కాగితం ఎదురైంది.

'సదరు విద్యార్థిని పేదరికం పుట్టుకతో వచ్చినదిగా ధ్రువీకరించడమైనది. నిధి నియమావళి ప్రకారం, కళాశాలలో చేరుటకు పూర్వమే ఉన్న పేదరికానికి ఆర్థిక సహాయం వర్తించదు. చేరిన పిదప సంభవించిన పేదరికానికి మాత్రమే వర్తించును.'

కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. "సార్, పుట్టుపేదలకి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు?"

"ఈ నిబంధనను మేము ఆరోగ్య బీమా సంస్థల నుంచి స్వీకరించాం. ఈ విషయంలో వారు మనకంటే ఎంతో అనుభవజ్ఞులు" అన్నారాయన, నొచ్చుకోకుండా. "అయినా నిన్ను వదిలెయ్యం. మానవతా దృక్పథంతో మన పేదరికం వార్డులో చేర్చుకుని ఉచితంగా చికిత్స చేస్తాం."

మానవతా దృక్పథం సంగతి షాహీనా కనిపెట్టింది. దాతల దినోత్సవం దగ్గరపడుతోంది. నిధి డబ్బుతో కట్టిన కొత్త వార్డుకి రిబ్బను కత్తిరించారు గానీ, మంచాల మీద ఒక్క పేదా లేడు. "నయమైన కేసు ఒకటైనా చూపించకపోతే దాతలు ఊరుకుంటారా? నువ్వు చాలా విలువైన పేదవే" అంది.

చేరాను. ఇంకో దారి ఉంటే చేరేదాన్ని కాదు. చేరితే నిధి వాళ్ల కళ్ల ముందు ఉంటాను, ఎప్పుడో ఒకప్పుడు మనసు మారుతుందని ఆశ.

వార్డు బాగుంది, అబద్ధమెందుకు. తెల్లటి దుప్పట్లు. పొద్దున పాలు, గుడ్డు. మధ్యాహ్నం పప్పు, కూర, పెరుగు. కళ్ల వాళ్లు కొత్త అద్దాలిచ్చారు, ఎముకల వాళ్లు కొత్త చెప్పులిచ్చారు. రక్తం మాత్రలు మింగాను. రోజూ తరుణ్ వచ్చి నన్ను తూచి, పర్సు తట్టి వెళ్లేవాడు. ఫోన్లో అమ్మకి ఇవన్నీ చెబితే, "గుడ్డు రోజూ ఎడతన్నారేటి?" అని మూడుసార్లు అడిగింది.

గడువు మాత్రం దగ్గరికొస్తోంది. రౌండ్స్‌కి వచ్చిన పరాంకుశం గారిని అడిగాను. "సార్, ఇవన్నీ వద్దు. ఫీజు ఒక్కటి కట్టించండి."

ఆయన నవ్వి, వెంట ఉన్నవాళ్లకి పాఠం చెప్పారు. "కడుపునొప్పి అని వచ్చినవాడికి కారణం తేలకముందే నొప్పి మాత్ర ఇస్తే ఏమవుతుంది? నొప్పి పోతుంది, జబ్బు లోపల దాక్కుంటుంది. డబ్బు కూడా అంతే. ఇచ్చామంటే పేదరికం లక్షణాలన్నీ మాయమైపోతాయి. ఇక దాన్ని మనం అధ్యయనం చేసేదెట్లా?"

ఎంత ఆలోచించినా బయటపడే దారి కనిపించలేదు. బాగుందంటే నయమైనట్టు, సాయం అక్కర్లేదు. బాగాలేదంటే ఇంకొంతకాలం మంచం మీదే, గడువు దాటిపోతుంది. నేనేమీ అనకుండా ఊరుకున్నాను. 'రోగి ప్రశాంతంగా ఉంది' అని తరుణ్ రాసుకున్నాడు.

బరువు పెరగగానే 'పేదరికం పూర్తిగా నయమైనది' అని షీట్‌లో రాసి సంతకాలు పెట్టేశారు. కానీ పంపలేదు. దినోత్సవం దాకా మంచం మీదే ఉండమన్నారు.

దినోత్సవం రోజు శాలువాలూ పూలబొకేలూ జ్ఞాపికలూ చూస్తే, వాటిలో సగం డబ్బుతో మా క్లాసు మొత్తానికి ఫీజు కట్టొచ్చనిపించింది. తెర మీద ముందు నా పాత చెప్పుల బొమ్మ వేశారు, తర్వాత కొత్త చెప్పులు. ముందు అమ్మ చేతులు. తర్వాత అమ్మ చేతులు లేవు, నా కొత్త కళ్లజోడు ఉంది. చప్పట్లు మోగాయి. ముందు వరుసలో ఉన్న ముసలి దాత ఒకాయన, పాపం మంచి మనిషిలాగే ఉన్నాడు, లేచి మైకు తీసుకుని అడిగాడు. "ఇప్పుడెలా ఉందమ్మా?"

"పేదరికం పూర్తిగా తగ్గిందండీ. డబ్బులే లేవు" అన్నాను.

మొదటి వాక్యానికే చప్పట్లు మొదలైపోయాయి. రెండోది ఎవరికీ వినపడలేదు.

మర్నాడు డిశ్చార్జి కాగితంతో పాటు, ఆఫీసు సూపరింటెండెంట్ భాస్కరం గారు ఇంకో కాగితం ఇచ్చారు. వార్డు బిల్లు.

"ఉచితం అన్నారు కదండీ?"

"పేదలకి ఉచితమమ్మా. నీకు ఏ రోజున నయమైందో షీట్‌లో ఉంది. ఆ తర్వాత కూడా మంచం మీదే ఉన్నావు, గుడ్లు తిన్నావు. పేద కానివాళ్లకి చార్జీలుంటాయి. నేను వేసింది కాదు, రూలు. ఇది కూడా ఫీజుతో కలిపి కట్టెయ్" అన్నారాయన. మనిషి చెడ్డవాడు కాదు. మంచినీళ్లు కావాలా అని కూడా అడిగారు.

హాస్టలుకొచ్చి మంచం మీద పడ్డాను. కట్టలేని ఫీజు మీద ఇప్పుడు కట్టలేని బిల్లు. ఇక ఇంటికెళ్లి అమ్మ పక్కన కూర్చుని పిక్కలు కొట్టుకోవడమే అనుకున్నాను. మూడో తరానికి వంశపారంపర్యం పూర్తవుతుంది. ఎదుటి మంచం మీద షాహీనా పరీక్షకని మైక్రోబయాలజీ పైకి చదువుకుంటోంది. "ఆస్పత్రిలో చేరే నాటికి లేకుండా, చేరాక కొంత వ్యవధి దాటి బయటపడిన వ్యాధిని ఆస్పత్రిలోనే సోకినదిగా..."

"మళ్లీ చదువు" అన్నాను, లేచి కూర్చుని.

మంగళవారం చీటీ రాయించుకుని లైన్లో నిలబడ్డాను. నన్ను చూసి తరుణ్ ఆశ్చర్యపోయాడు. "నయమైందిగా నీకు? తిరగబెట్టిందా?"

"లేదు సార్. పాతది పూర్తిగా పోయింది, మీరే సంతకం పెట్టారు. ఇది కొత్తది. హఠాత్తుగా మొదలైంది. కాలేజీలో చేరాకే వచ్చింది. కారణం కూడా తెలుసు." బిల్లు బల్ల మీద పెట్టాను. "మీ వార్డులో చేరేనాటికి ఈ అప్పు లేదు. చేరాక వచ్చింది. ఇది ఆస్పత్రిలో సోకిన పేదరికం సార్."

తరుణ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మాట అంటే ఏమిటో మా వాళ్లకి బాగా తెలుసు. రోగి చచ్చిపోయినా సర్దుకుంటారు గానీ, మా ఆస్పత్రిలో సోకిందంటే మాత్రం తట్టుకోలేరు. పైగా ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వచ్చే వారమే వస్తోంది.

పరాంకుశం గారు పరుగులాంటి నడకతో వచ్చి తలుపు వేయించారు. "మెల్లగా మాట్లాడమ్మా. వార్డులో ఇంకెవరికైనా సోకిందా?"

"వార్డులో నేనొక్కదాన్నే సార్. నూటికి నూరు శాతం సోకినట్టు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. సాయంత్రానికల్లా సంక్రమణ నివారణ సంఘం అత్యవసరంగా సమావేశమైంది. వార్డు మూసి, దుప్పట్లు తగలబెట్టించి, కిటికీలు బిగించి ధూమం వేయించారు. బిల్లు రద్దు చేశారు. నా ఫీజు కాలేజీయే నేరుగా కట్టేసింది. సహాయ నిధి నుంచి కాదు, అలా ఇస్తే పేదరికం ఉందని ఒప్పుకున్నట్టవుతుందట. క్రిమినాశక మందుల పద్దు కింద. ఆ లెక్కన నేను ఫినాయిలు ఖర్చులో పరీక్ష రాసినట్టు. ఒక్కటే షరతు: నాకు ఈ కళాశాలలో ఎన్నడూ పేదరికం లేదని రాసిచ్చి సంతకం పెట్టాలి. పెట్టాను. హాల్ టికెట్ చేతికిచ్చారు.

గెలిచానని షాహీనా ఎగిరింది. నాకూ ఎగరాలనే ఉంది. కానీ ఆ మంగళవారం లైన్లో నా వెనకాల ఫస్టియర్ పిల్ల ఒకతి నిలబడి ఉంది, పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా. చెప్పు పట్టీకి పిన్నీసు. 'సంక్రమణ కారణంగా పేదరికం ఓపీ నిరవధికంగా మూసివేయడమైనది' అని తలుపుకి కాగితం అంటిస్తుంటే, అది చదివి నా వైపు చూసింది. తనిఖీ బృందానికి ఆ తర్వాత ఇచ్చిన నివేదికలో, మా కాలేజీలో పేదరికం కేసులు సున్నా అని ఉందట. బృందం వాళ్లు అభినందించారట. ఆ పిల్ల ఇప్పటికీ ఫీజు కట్టలేదు.

హాల్ టికెట్ చేతికొచ్చిన సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. "ఫీజు కట్టేశారమ్మా. పరీక్ష రాస్తున్నాను."

"మంచి మాట సెప్పావు తల్లీ." వెనకాల పిక్కలు కొడుతున్న చప్పుడు వినపడుతోంది. "అయితే జబ్బు పూర్తిగా పోయినట్టేనా? ఆ మంచం మీద పడుకోబెట్టి, పాలూ గుడ్డూ ఎట్టి, నయం సేసేసినారన్నమాట."

"ఆఁ, నయం చేసేశారమ్మా."

"మరైతే ఒక మాట అడగనా? నవ్వకు. నీకు నా కాణ్ణుంచే వొచ్చిందన్నారు గదా ఆ పెద్ద డాట్రుబాబు. మరి నాకూ ఉన్నట్టే గదా. నన్ను గూడా ఓ వారం రోజులు ఆ మంచం మీద ఎడతారేమో అడగవూ?"

వార్డు మూసేశారనీ, ధూమం వేశారనీ చెప్పాను. "పోన్లే తల్లీ, బాగా సదువుకో" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేలోపు రెండు పిక్కలు కొట్టిన చప్పుడు వినిపించింది.